గుండు, బద్ద, ముక్క

మొదటి నెలంతా దిగిన చోటే చచ్చాను.
పారాచూట్ నేలకి తగిలేలోగా
ఏదో డాబా మీద ఎవడో ఒకడు కాచుకునుండేవాడు.
"ఓలప్పా, ముందు తుపాకీ తియ్యే!
సంతకొచ్చినట్టు సూస్తన్నావేటి?"
చెవిలో ఢిల్లేశ్వర్రావు కేక.
అతన్నెప్పుడూ చూళ్ళేదు.
సోంపేట అవతల ఐసు ఫ్యాక్టరీలో రాత్రి డ్యూటీ,
మాట వెనక ఎప్పుడూ మోటారు రొద.
ఇంకొకడు బరంపురం కుర్రాడు,
ఒడియాలో తిట్టి తెలుగులో సారీ చెబుతాడు.
నాలుగోది మా వీధి పుణ్యవతి. ఫోను వాళ్ళన్నది.
వాడు ఇంటికొస్తే
దాని బొమ్మ పొలం మధ్య నిలబడిపోతుంది,
ఎవరైనా వచ్చి చంపేదాకా.

పగలు కాశీబుగ్గలో పిక్కలు కొడతాను.
ఎడంచేత్తో పిక్క పెట్టి, కుడిచేత్తో మీట నొక్కాలి.
మెల్లగా నొక్కితే పగలదు.
గట్టిగా నొక్కితే ముక్క.
గుండుకో రేటు, బద్దకో రేటు,
ముక్కకి మేస్త్రి మొహం.
బూడిద ఎంత రాసుకున్నా జీడినూనె వేలు తింటుంది.
రేషను డిపోలో మిషను నా బొటనవేలు చూసి
ఎవరమ్మా నువ్వు అంటుంది.
నా ఫోనూ అంతే.
నాలుగంకెలు కొట్టి
నా ఇంట్లోకి నేను దొంగలా దూరతాను.

పేలుస్తుంటే తుపాకీ పైకి ఎగురుతుంది,
కిందికి లాగమన్నారు అందరూ.
ఎంత లాగాలో ఒక్కడూ చెప్పలేదు.
ఒక మధ్యాహ్నం మీట దగ్గర చెయ్యి ఆగింది.
పెంకు పగిలే ముందు
ఒక వెంట్రుకవాసి మెత్తదనం ఉంటుంది చూడండి,
అక్కడ.
ఆరేళ్ళుగా నా చేతికి తెలిసిందే,
నాకే ఎవరూ చెప్పలేదు.
ఆ రాత్రి ఆటకి పోలేదు.
ఖాళీ మైదానంలో గోడ ముందు నిలబడి
గోడనే కొట్టాను.
మచ్చలు మొదట చల్లిన అటుకుల్లా,
వారానికి చేటంత,
ఇంకో వారానికి గుప్పెడు.

చెవి దానంతటదే వచ్చింది.
నలభై మీటల చప్పుడులో
ఎవరిది ఆగిందో చెప్పగలదాన్ని,
రేకు మీద అడుగేదో గడ్డి మీద అడుగేదో
నాకొక లెక్కా?

కష్టమైంది మాత్రం చచ్చాక కూర్చోవడం.
ఇదివరకు ఫోను మంచం మీదికి విసిరేదాన్ని.
ఇప్పుడు నన్ను చంపినవాడి కళ్ళతోనే
మిగతా ఆట చూస్తాను.
వాడు పరిగెత్తడు.
పీత బొరియ పక్కన మా నాన్నమ్మ కూర్చున్నట్టు
తలుపు వెనక కూర్చుంటాడు.
వాడి మీద కోపం పోయి
వాడు ఏ ఊరి వాడో అనిపిస్తుంది.

మొన్న శనివారం.
పుణ్యవతి పొలంలో ఆగిపోయింది.
బరంపురం పోయాడు, ఐసు ఫ్యాక్టరీ పోయింది.
వలయం ముడుచుకుని ఒక గడ్డివాము, ఒక గోడ మిగిలాయి.
వాళ్ళు ముగ్గురు.
కిటికీ అవతల హౌరా మెయిలు పోతోంది,
ఫోను కింద తడిగుడ్డ పొగలు కక్కుతోంది.
"బేగి తిరుగు... వొద్దు, వొద్దు, ఒగ్గెయ్,
నీకే ఎరిక" అన్నాడు ఢిల్లేశ్వర్రావు.
ఇన్నాళ్ళలో నోరు మూసుకోవడం అదే మొదలు.
ఒకడు గోడెక్కుతూ పోయాడు.
ఒకడు గడ్డివాము వెనక, నాలుగు తూటాలకి.
మూడోవాడి అడుగు విన్నాను.
రైలు పోయాక సరిగ్గా విన్నాను.
తిరిగాను.
గట్టిగా నొక్కాను.

రెండో స్థానం.
కరెంటునో రైలునో అనడానికి లేదు.
చాలాసేపటికి చెవిలో మోటారు రొద,
దాని మీద మెల్లగా, "బద్దే."
మా పిక్కల లెక్క వాళ్ళకి నేనే నేర్పాను.
బద్దంటే ఏంటని బరంపురం అడిగాడు.
గుండు కావలసింది, చీలింది అన్నాను.
వాడికి అర్థమైందో లేదో, ఇంకోటి ఆడదామా అన్నాడు.

పదకొండున్నర. ఆరింటికి షెడ్డు.
లేదన్నాను, దీపం ఆర్పాను.
ఫోను కూడా ఆరింది.
చీకట్లో అలవాటుగా బొటనవేలు పెట్టాను,
గుర్తుపట్టలేదు.
నాలుగంకెలు కొట్టాను.